కరెంటు పోయి వచ్చాక ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్లు పడటం లేదా? కెర్నల్‌కూ కెర్బరోస్ డీమన్లకూ మధ్య వరుస కుదర్చడం ఎలా

“విడివిడిగా చూస్తే సర్వీసులన్నీ బాగానే ఉన్నాయి, చేత్తో రీస్టార్ట్ చేస్తే మౌంట్ కూడా పడుతోంది, కానీ కరెంటు పోయి వచ్చిన రోజున మాత్రం హోమ్ డైరెక్టరీలు తెరుచుకోవడం లేదు, ఎందుకు?” విశాఖలో కాలేజీ ల్యాబ్‌లూ చిన్న ఆఫీసుల సర్వర్లూ చూసుకునేవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఇక్కడ తీరం దాటినప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోనక్కర లేదు. వేసవిలో సాయంత్రం గాలివానకు అరగంట సరఫరా ఆగినా చాలు, యూపీఎస్‌లు ఖాళీ అయి, కరెంటు రాగానే సర్వర్లూ క్లయింట్లూ అన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. మామూలు రోజుల్లో మనం ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేస్తాం కాబట్టి బయటపడని లోపం ఆ ఒక్క రోజున బయటపడుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే వేరే యంత్రంలోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా మన యంత్రంలో ఉన్నట్లే వాడుకునే ఏర్పాటు, అలా తగిలించుకోవడమే మౌంట్. కెర్బరోస్ అన్నది టికెట్ల ద్వారా మనిషినీ యంత్రాన్నీ గుర్తించే భద్రతా పద్ధతి. కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ, డీమన్ అంటే దాని బయట తెర వెనక నడిచే సర్వీస్ ప్రోగ్రాం. కెర్బరోస్ భద్రతతో, అంటే మౌంట్ ఆప్షన్లలో సెక్=కేఆర్‌బీ5 లేదా కేఆర్‌బీ5పీ అని పెట్టి, లినక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ వాడుతున్న వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మామూలు సెక్=సిస్ మౌంట్లు మాత్రమే ఉన్నవారికి ఇందులో చాలా భాగం అక్కర్లేదు.

ఆదేశాలనూ ఫైళ్ల పేర్లనూ ఇక్కడ పలికే తీరులోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే టైప్ చేయాలి. యూనిట్ ఫైళ్లలోని (ఏ సర్వీస్ ఎప్పుడు, ఎలా లేవాలో చెప్పే ఫైళ్లు ఇవి) ఆఫ్టర్, వాంట్స్, రిక్వైర్స్ వంటి మాటలకు మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలన్నది మరవకండి. ఉదాహరణకు మూడు యంత్రాలు తీసుకుందాం: టికెట్లు ఇచ్చే కెర్బరోస్ సర్వర్‌కు, అంటే కేడీసీకి, కైలాసగిరి అనీ, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు సింహాచలం అనీ, ల్యాబ్‌లోని ఒక క్లయింట్‌కు యారాడ అనీ పేర్లు పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసిన ఒక్క సంగతి

ఎన్‌ఎఫ్‌ఎస్ నడిచేది కెర్నల్‌లో. కెర్బరోస్ టికెట్‌ను విప్పి చూసి “ఇతను ఫలానా వాడే” అని చెప్పగలిగేది మాత్రం కెర్నల్ బయట నడిచే డీమన్. అందుకే కెర్నల్ ప్రతిసారీ బయటికి ఒక ప్రశ్న పంపి జవాబు కోసం చూస్తుంది. సర్వర్ వైపు ఆ జవాబు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. పాత దారిలో ఆర్‌పీసీ-ఎస్‌వీసీజీఎస్‌ఎస్‌డీ అనే డీమన్ ఉంటుంది, కొత్త దారిలో జీఎస్‌ఎస్‌ప్రాక్సీ ఉంటుంది. కొత్త దారి లినక్స్ 3.10 కెర్నల్‌తో వచ్చింది. పాత దారిలో 2 కిలోబైట్ల కన్నా పెద్ద టికెట్లు పట్టవు కనుక, యాక్టివ్ డైరెక్టరీలో (మైక్రోసాఫ్ట్ యూజర్ల జాబితా వ్యవస్థ) చాలా గ్రూపుల్లో సభ్యులుగా ఉన్నవారికి అది చాలదు.

ఏ దారిలో వెళ్లాలన్న నిర్ణయాన్ని కెర్నల్ ఒక్కసారే తీసుకుంటుంది. జీఎస్‌ఎస్‌ప్రాక్సీ ముందుగా లేచి, తన సాకెట్ తెరిచి, ప్రాక్/నెట్/ఆర్‌పీసీ డైరెక్టరీలోని యూజ్-జీఎస్‌ఎస్-ప్రాక్సీ అనే ఫైల్‌లో 1 అని రాయాలి. అది రాయకముందే ఒక్క క్లయింట్ కెర్బరోస్‌తో వచ్చి తలుపు తట్టినా, కెర్నల్ అక్కడ 0 అని నిర్ణయించేసుకుని పాత దారిలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత జీఎస్‌ఎస్‌ప్రాక్సీని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఆ నిర్ణయం మారదు. కరెంటు వచ్చిన వెంటనే ముప్ఫై క్లయింట్లు ఒకేసారి సర్వర్ మీద పడే ల్యాబ్‌లో ఈ ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో మీరే ఊహించండి. “స్టేటస్ చూస్తే అన్నీ యాక్టివ్‌గానే ఉన్నాయి, మౌంట్ మాత్రం పడటం లేదు” అని నన్ను అడిగినవారిలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కావలసినవి

- మూడు యంత్రాల్లోనూ రూట్ అధికారం, సిస్టమ్‌డీతో (బూట్ సమయంలో సర్వీసులను లేపే ప్రోగ్రాం) నడిచే లినక్స్.
- ఈటీసీ డైరెక్టరీలో కేఆర్‌బీ5.కీట్యాబ్ ఫైల్. యంత్రం కెర్బరోస్ కీలు ఉండేది ఇందులోనే. సింహాచలం కీట్యాబ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్/ అని మొదలయ్యే ప్రిన్సిపల్ (కెర్బరోస్‌లో నమోదైన పేరు), యారాడ కీట్యాబ్‌లో కనీసం హోస్ట్/ అని మొదలయ్యేది ఉండాలి.
- అన్ని యంత్రాల పూర్తి పేర్లూ ముందుకూ వెనక్కూ, అంటే పేరు నుంచి చిరునామాకూ చిరునామా నుంచి పేరుకూ, సరిగా తేలే డీఎన్‌ఎస్. చిన్న ల్యాబ్ అయితే హోస్ట్స్ ఫైల్ అయినా సరిపోతుంది.
- క్రోనీ లేదా అలాంటి సమయ సర్వీస్.
- అన్ని యంత్రాలనూ పూర్తిగా ఆపి తిరిగి లేపగలిగే ఒక గంట వ్యవధి. ఇది లేకుండా మొదలుపెట్టకండి. రీస్టార్ట్ చేసి చూసుకున్న వరుసకూ, చల్లారిన యంత్రం లేచేటప్పటి వరుసకూ పోలిక ఉండదు.

1. ముందు ఏదీ రీస్టార్ట్ చేయకండి, సాక్ష్యం పట్టుకోండి

మౌంట్ పడని స్థితిలో ఉన్న యంత్రమే మీకు అన్నిటికన్నా విలువైనది. కంగారులో సర్వీసులను రీస్టార్ట్ చేస్తే ఏది ముందు లేచిందో, ఏది వెనక లేచిందో తెలిపే ఆధారం చెదిరిపోతుంది. సింహాచలంలో ముందుగా “క్యాట్” ఆదేశంతో యూజ్-జీఎస్‌ఎస్-ప్రాక్సీ ఫైల్‌ను చూడండి. 1 ఉంటే కొత్త దారి కుదిరిందని అర్థం. 0 ఉంటే పాత దారి ఖాయమైపోయింది. ఈ రెండూ కాకుండా మరేదైనా కనిపిస్తే కెర్నల్ ఇంకా నిర్ణయం తీసుకోలేదు. అసలు ఫైలే లేకపోతే ఆత్_ఆర్‌పీసీజీఎస్‌ఎస్ అనే కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌కు విడిగా చేర్చే భాగం) లోడ్ కాలేదు.

తర్వాత “జర్నల్‌సీటీఎల్ -బి -ఓ షార్ట్-మోనోటోనిక్” అని ఇచ్చి, “-యు”తో జీఎస్‌ఎస్‌ప్రాక్సీ, ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ పేర్లు చేర్చండి. గోడ గడియారం సమయం బదులు బూట్ మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లు కనిపిస్తాయి. గడియారమే తప్పుగా ఉన్న రోజున ఈ సెకన్ల లెక్క ఒక్కటే నమ్మదగినది. “ప్రాబ్లమ్ విత్ కెర్నల్ కమ్యూనికేషన్” అన్న వరుస జీఎస్‌ఎస్‌ప్రాక్సీ నుంచి కనిపిస్తే, అది లేచే సమయానికి కెర్నల్ మాడ్యూల్ సిద్ధంగా లేదని తెలుసుకోండి.

యారాడలో “డీమెసేజ్” చూడండి. ఏయూటీహెచ్_జీఎస్‌ఎస్ అప్‌కాల్ (కెర్నల్ బయటికి పంపిన ప్రశ్న) విఫలమైందనీ, యూజర్ డీమన్ నడుస్తోందో లేదో చూడమనీ కెర్నల్ చెబుతుంటే, క్లయింట్ వైపు కెర్నల్‌కు జవాబిచ్చే డీమన్ ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డీ లేవలేదు.

ఒక హెచ్చరిక: కొన్ని యంత్రాల్లో జర్నల్ మెమరీలో మాత్రమే ఉండి రీబూట్‌తో పోతుంది. వార్/లాగ్/జర్నల్ అనే డైరెక్టరీ లేకపోతే దాన్ని సృష్టించి, జర్నల్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి ఉంచుకోండి. అప్పుడు “-బి -1”తో గత బూట్ సంగతులు కూడా చదవగలరు.

2. కీట్యాబ్ ఉందా, చదవదగినదేనా

ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డీ, ఆత్-ఆర్‌పీసీజీఎస్‌ఎస్-మాడ్యూల్ యూనిట్లలో ఒక షరతు ఉంటుంది: ఈటీసీలో కీట్యాబ్ ఫైల్ లేకపోతే ఆ యూనిట్‌ను దాటవేయాలి. దాటవేయడం వైఫల్యం కింద లెక్కకు రాదు కాబట్టి ఎర్ర అక్షరాలు కనిపించవు, “సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్” జాబితా ఖాళీగానే ఉంటుంది. పైగా మరో యూనిట్ దాన్ని రిక్వైర్స్=తో కోరినా, షరతు వల్ల దాటవేసిన యూనిట్ ఆ రెండో దాన్ని ఆపదు. మౌంట్ నేరుగా ముందుకు వెళ్లి అక్కడ విఫలమవుతుంది.

కీట్యాబ్‌ను యంత్రం లేచిన తర్వాత కాపీ చేసినవారు ఈ గుంటలోనే పడతారు. ఫైల్ ఇప్పుడు ఉంది, కానీ షరతు పరిశీలించిన క్షణంలో లేదు. “క్లిస్ట్ -కె -ఈ -టి”తో కీట్యాబ్‌లోని పేర్లు, కీ వెర్షన్ అంకెలు చూడండి. యారాడలో “కేఇనిట్ -కె” ఇచ్చి ఆ కీతో నిజంగా టికెట్ వస్తోందో లేదో తేల్చుకోండి. ఈ రెండూ కుదరనంత వరకు సర్వీసుల వరుస జోలికి వెళ్లడం శ్రమ దండగ.

3. గడియారం

కెర్బరోస్ మామూలుగా ఒప్పుకునే సమయ తేడా 5 నిమిషాలు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. క్రోనీ దాన్ని సరిదిద్దేలోగా మౌంట్ ప్రయత్నం జరిగితే “క్లాక్ స్క్యూ టూ గ్రేట్” అన్న జవాబు వస్తుంది. నలభై, యాభై రూపాయల బ్యాటరీ మార్చడం వల్ల తీరే సమస్యను యూనిట్ ఫైళ్లలో వెతుకుతూ కూర్చున్నవారిని చూశాను కనుక, ముందు మూత తెరిచి అది చూడమని మనవి.

ఆ తర్వాత క్రోనీ-వెయిట్ సర్వీస్‌ను ఎనేబుల్ చేయండి. క్రోనీడీ లేచిందంటే సమయం సరిపడిందని కాదు. క్రోనీ-వెయిట్ మాత్రం తేడా 0.1 సెకను లోపుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు టైమ్-సింక్ టార్గెట్‌ను (టార్గెట్ అంటే బూట్‌లో ఒక దశకు గుర్తు) దాటనిస్తుంది. సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ వాడేవారు దానికి బదులు సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ సర్వీస్‌ను ఎనేబుల్ చేయాలి. క్రోనీ కాన్ఫిగరేషన్‌లో “మేక్‌స్టెప్ 1.0 3” అన్న వరుస ఉందో లేదో చూడండి. అది లేకపోతే పెద్ద తేడాను కూడా క్రోనీ నెమ్మదిగా జరుపుకుంటూ పోతుంది.

కరెంటు వచ్చినా ఇంటర్నెట్ రాని పూట సంగతి కూడా ఆలోచించాలి. గాలివాన తర్వాత ఫైబర్ తెగి, బయటి సమయ సర్వర్లు అందకపోతే క్రోనీ-వెయిట్ గడువు తీరేదాకా ఆగి విఫలమవుతుంది. అందుకే కైలాసగిరిని ల్యాబ్‌కు సమయ సర్వర్‌గా పెట్టి, దాని క్రోనీ కాన్ఫిగరేషన్‌లో “లోకల్ స్ట్రాటమ్ 10” అని చేర్చి, మిగతా యంత్రాలన్నీ దాన్నే అడిగేలా చేయండి. కెర్బరోస్‌కు కావలసింది యంత్రాల గడియారాలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం. ప్రపంచ సమయంతో కొద్దిగా తేడా ఉన్నా మౌంట్లు పడతాయి.

4. సర్వర్ వైపు వరుస: మాడ్యూల్, జీఎస్‌ఎస్‌ప్రాక్సీ, ఆ తర్వాతే ఎన్‌ఎఫ్‌ఎస్

ఈ భాగాన్ని తొందరపడకుండా చేయండి.

మొదట మాడ్యూల్. ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి డైరెక్టరీలో .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైల్ సృష్టించి, అందులో ఆత్_ఆర్‌పీసీజీఎస్‌ఎస్ అన్న ఒక్క మాట రాయండి. ఈ డైరెక్టరీలోని మాడ్యూళ్లు బూట్ తొలి దశలోనే లోడవుతాయి కనుక, జీఎస్‌ఎస్‌ప్రాక్సీ లేచేసరికి ప్రాక్‌లోని ఫైల్ తప్పకుండా ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీతో వచ్చే మాడ్యూల్ యూనిట్ కూడా ఇదే పని చేస్తుంది, అయితే ఇందాక చెప్పిన కీట్యాబ్ షరతు దానికి ఉంది. పై పద్ధతికి అలాంటి షరతు లేదు.

తర్వాత జీఎస్‌ఎస్‌ప్రాక్సీ. ఈటీసీ/జీఎస్‌ఎస్‌ప్రాక్సీ డైరెక్టరీలో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు సంబంధించిన ఫైల్ ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దాని పేరు 24తో మొదలవుతుంది. అందులో “కెర్నల్_ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ = యెస్” ఉందో లేదో చూడండి. ఆ వరుస లేకపోతే జీఎస్‌ఎస్‌ప్రాక్సీ ఎంత చక్కగా నడుస్తున్నా కెర్నల్‌కు 1 రాయదు. సర్వీస్‌ను ఎనేబుల్ చేయండి.

ఇక ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ యూనిట్. “సిస్టమ్‌సీటీఎల్ షో -పి ఆఫ్టర్ ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్” ఇచ్చి, వచ్చిన జాబితాలో జీఎస్‌ఎస్‌ప్రాక్సీ ఉందేమో చూడండి. చాలా లినక్స్ పంపిణీల్లో (డిస్ట్రోల్లో) ఉంటుంది. లేకపోతే “సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్” ఇచ్చి, తెరుచుకున్న డ్రాప్-ఇన్ ఫైల్‌లో (అసలు యూనిట్‌ను ముట్టకుండా దానికి మార్పులు చేర్చే ఫైల్) యూనిట్ విభాగం కింద వాంట్స్=జీఎస్‌ఎస్‌ప్రాక్సీ.సర్వీస్ అనీ, ఆఫ్టర్=జీఎస్‌ఎస్‌ప్రాక్సీ.సర్వీస్ అనీ రెండు వరుసలు చేర్చండి.

రెండూ ఎందుకని చాలామంది అడుగుతారు. వాంట్స్, రిక్వైర్స్ అన్నవి “దాన్ని కూడా లేపు” అని మాత్రమే చెబుతాయి, “ముందు లేపు” అని చెప్పవు. ఆఫ్టర్ అన్నది “అది లేస్తున్నట్లయితే నేను దాని వెనక” అని మాత్రమే చెబుతుంది, దాన్ని లేపదు. వాంట్స్ ఒక్కటే రాస్తే రెండూ ఒకే క్షణంలో పరుగు మొదలుపెడతాయి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, జీఎస్‌ఎస్‌ప్రాక్సీ డిజేబుల్ అయి ఉన్న రోజున దాని కోసం ఎవరూ ఆగరు.

రిక్వైర్స్ వాడమని కొందరు సలహా ఇస్తారు. నేను వాడను. రిక్వైర్స్ పెడితే, ప్యాకేజీ అప్‌డేట్‌లో జీఎస్‌ఎస్‌ప్రాక్సీ రీస్టార్ట్ అయినప్పుడల్లా ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కూడా రీస్టార్ట్ అవుతుంది, ల్యాబ్‌లో పని చేసుకుంటున్న వాళ్లందరి తెరలూ కాసేపు బిగుసుకుపోతాయి. జీఎస్‌ఎస్‌ప్రాక్సీ పడి లేచినా మళ్లీ సాకెట్ తెరిచి 1 రాసుకోగలదు. అప్పటికే ఉన్నది 1 కనుక కెర్నల్ అభ్యంతరం చెప్పదు.

5. “యాక్టివ్” అన్న మాటను నమ్మకుండా, 1 పడేదాకా ఆగడం

సర్వీస్ యాక్టివ్ అని సిస్టమ్‌డీ చెప్పడం వేరు, ప్రాక్ ఫైల్‌లో 1 ఉండటం వేరు. రెండోది సరిచూసుకున్నాకే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ లేవాలి. దీనికి ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ చాలు: “గ్రెప్ -క్యూఎక్స్ 1” ఆ ఫైల్ మీద విజయం సాధించేదాకా సెకనుకొకసారి ప్రయత్నిస్తూ ఉండే అంటిల్ లూప్. దాన్ని యూఎస్‌ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో పెట్టి, నడపగలిగే అనుమతి ఇచ్చి, డ్రాప్-ఇన్‌లోని సర్వీస్ విభాగంలో ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ= వరుసలో “టైమౌట్ 60” అన్న ఆదేశం వెనక ఆ స్క్రిప్ట్ పూర్తి దారి రాయండి. ఈ వరుస అసలు యూనిట్‌లో ఉన్న ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ వరుసలకు అదనంగా చేరుతుంది, వాటిని తుడిచివేయదు.

“టైమౌట్ 60”ను వదిలేయకండి. ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ యూనిట్ వన్‌షాట్ రకం (ఇచ్చిన ఆదేశాలు నడిపి ముగిసేది), అలాంటి వాటికి సిస్టమ్‌డీ తనంతట తాను లేచే గడువు పెట్టదు. గడువు లేని లూప్ రాస్తే, జీఎస్‌ఎస్‌ప్రాక్సీ లేవని రోజున సర్వర్ అంతులేకుండా ఆగిపోతుంది. 60 సెకన్ల తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ స్పష్టంగా విఫలమైతే, మీరు ఉదయం వచ్చి చూసినప్పుడు కారణం ఎదురుగా కనిపిస్తుంది. తప్పు దారిలో లేచి సగం పనిచేసే సర్వర్ కన్నా అది మేలు. చాలా పాత కెర్నళ్లలో 1 పడేదాకా ఈ ఫైల్ చదవడమే ఆగిపోయేది. అక్కడ కూడా టైమౌట్ వల్ల నష్టం ఉండదు.

స్క్రిప్ట్‌లో “స్లీప్ 30” అని మాత్రమే రాసి ఊరుకోకండి. మధురవాడ వైపు ఒక ల్యాబ్‌లో నాకన్నా ముందు ఎవరో అలా రాసి పెట్టారు. ఏడాది పాటు అది పనిచేసింది. డిస్కులు పెరిగి, కరెంటు కోత తర్వాత ఫైల్ సిస్టమ్ తనిఖీకి ఎక్కువ సేపు పట్టిన రోజున 30 సెకన్లు చాలలేదు. ఆ వారం పరీక్షలు. కారణం కనుక్కోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది, ఎందుకంటే పగలు నేను రీస్టార్ట్ చేసి చూసిన ప్రతిసారీ అంతా బాగానే ఉండేది.

డ్రాప్-ఇన్ ఫైళ్లను చేత్తో రాసి ఉంటే “సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్” తప్పనిసరి. ఎడిట్ ఆదేశం వాడితే అదే చేసుకుంటుంది.

6. జీఎస్‌ఎస్‌ప్రాక్సీ వాడనివారికి

డెబియన్, ఉబుంటులలో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ప్యాకేజీతో వచ్చేది పాత దారి డీమన్ ఎస్‌వీసీజీఎస్‌ఎస్‌డీ. జీఎస్‌ఎస్‌ప్రాక్సీని మీరు విడిగా ఇన్‌స్టాల్ చేయకపోతే ఫైల్‌లో 0 ఉండటమే సరి, 5వ అంచెలోని స్క్రిప్ట్ పెట్టకూడదు. మీరు చూసుకోవలసింది ఆర్‌పీసీ-ఎస్‌వీసీజీఎస్‌ఎస్‌డీ ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ కన్నా ముందు లేస్తోందా అన్నది ఒక్కటే. రెండు డీమన్లనూ ఒకే యంత్రంలో పెట్టుకుని “ఏదో ఒకటి పనిచేస్తుందిలే” అనుకోవద్దు. ఒక రోజు ఒక దారి, ఇంకో రోజు ఇంకో దారి పడితే లోపం వెతకడం చాలా కష్టమవుతుంది.

7. క్లయింట్ వైపు: యారాడ

ఇక్కడ కెర్నల్ అడిగేది ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డీని. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఆర్‌పీసీ_పైప్‌ఎఫ్‌ఎస్ అనే ప్రత్యేక ఫైల్ సిస్టమ్ ద్వారా. ప్యాకేజీతో వచ్చే యూనిట్లు ఈ వరుసను ఇప్పటికే కుదిర్చి ఉంటాయి, కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎస్-క్లయింట్ టార్గెట్‌ను ఎనేబుల్ చేసి, వాటిని కదపకుండా వదిలేయండి. మార్చవలసింది ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఈటీసీలో మౌంట్ల జాబితా ఉండే ఫైల్) వరుస.

సింహాచలం నుంచి వచ్చే హోమ్ మౌంట్‌కు నేను ఇచ్చే ఆప్షన్లు ఇవి: సెక్=కేఆర్‌బీ5పీ, _నెట్‌దేవ్, నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్, ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=60, ఎక్స్-సిస్టమ్‌డీ.రిక్వైర్స్=ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డీ.సర్వీస్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆఫ్టర్=టైమ్-సింక్.టార్గెట్. ఎక్స్-సిస్టమ్‌డీ.రిక్వైర్స్ అన్నది యూనిట్ ఫైల్‌లోని రిక్వైర్స్‌లా కాకుండా ఆఫ్టర్‌ను కూడా తనతో తెస్తుంది. ఈ తేడా చాలామందిని తికమక పెడుతుంది.

వీటిలో ప్రాణం ఆటోమౌంట్. బూట్ సమయంలో మౌంట్ ప్రయత్నం జరగదు, ఎవరైనా ఆ డైరెక్టరీలోకి వెళ్లినప్పుడే జరుగుతుంది. సర్వర్ ఇంకా లేవకపోతే ఆ ఒక్కరికి లోపం కనిపిస్తుంది, కాసేపాగి మళ్లీ వెళితే తెరుచుకుంటుంది. ఆటోమౌంట్ యూనిటే ఫెయిల్డ్ స్థితికి చేరితే “సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్” ఇచ్చి దాన్ని తిరిగి స్టార్ట్ చేయండి.

కేఆర్‌బీ5 మనిషిని మాత్రమే గుర్తిస్తుంది, కేఆర్‌బీ5ఐ డేటా మారలేదని కూడా చూస్తుంది, కేఆర్‌బీ5పీ డేటాను గుప్తీకరిస్తుంది. పాత యంత్రాల్లో కేఆర్‌బీ5పీ నెమ్మదిగా అనిపిస్తే కేఆర్‌బీ5ఐకి మారవచ్చు. వరుస విషయంలో మూడూ ఒకటే.

8. ఎస్‌ఎస్‌ఎస్‌డీ, “నోబడీ” సమస్య

మౌంట్ పడింది, కానీ ఫైళ్లన్నీ నోబడీ (ఎవరివో తేలనప్పుడు చూపే పేరు) పేరు మీద కనిపిస్తున్నాయంటే, పేర్లు తెలిపే ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఆలస్యంగా లేచిందనో, రెండు వైపులా ఐడీమ్యాప్ డొమైన్ పేరు ఒకటి కాదనో అర్థం. ముందు ఈటీసీలోని ఐడీమ్యాప్‌డీ.కాన్ఫ్‌లో డొమైన్ వరుస పోల్చండి. అది సరిగా ఉంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఆ మౌంట్ వరుసలో ఎక్స్-సిస్టమ్‌డీ.ఆఫ్టర్=ఎన్‌ఎస్‌ఎస్-యూజర్-లుకప్.టార్గెట్ చేర్చండి. ఎస్‌ఎస్‌ఎస్‌డీ తన యూనిట్‌లోనే ఆ టార్గెట్‌కు ముందు లేవాలని రాసుకుని ఉంటుంది. పాత మ్యాపింగ్ కెర్నల్ కీరింగ్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక, మార్పు చేశాక “ఎన్‌ఎఫ్‌ఎస్ఐడీమ్యాప్ -సి”తో దాన్ని తుడిచి చూడండి.

9. ఒక యంత్రం ఆఫ్టర్ ఇంకో యంత్రానికి వినిపించదు

యారాడ యూనిట్ ఫైల్‌లో మీరు ఏం రాసినా, కైలాసగిరిలో కేడీసీ లేచిందో లేదో అక్కడి సిస్టమ్‌డీకి తెలియదు. నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ కూడా తన యంత్రం నెట్‌వర్క్ సంగతే చెబుతుంది. యంత్రాల మధ్య వరుసకు రెండే ఉపాయాలు: ఆటోమౌంట్‌లా మళ్లీ మళ్లీ ప్రయత్నించడం, లేదా లేచే సమయాన్నే మార్చడం.

రెండోదానికి బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. కైలాసగిరి, సింహాచలం తమంతట తాము లేచేలా, క్లయింట్లు ఆఫ్‌లోనే ఉండేలా పెట్టండి. ల్యాబ్ తెరిచిన మనిషి క్లయింట్లను ఆన్ చేసేసరికి సర్వర్లు ఎప్పుడో సిద్ధమై ఉంటాయి. డెస్క్‌టాప్‌లు సర్వర్ల కన్నా చాలా త్వరగా లేస్తాయి కాబట్టి ఈ ఒక్క మార్పు వల్లనే సగం ఫిర్యాదులు తగ్గుతాయి. అయినా మిగతా అంచెలను మానవద్దు. రాత్రివేళ ఆన్‌లోనే వదిలేసిన ఒక్క క్లయింట్ చాలు, కెర్నల్ నిర్ణయం తప్పుదారి పట్టడానికి.

మరో మాట: సింహాచలం తన దగ్గరికి వచ్చిన టికెట్లను తన కీట్యాబ్‌తోనే విప్పుకుంటుంది, అందుకు కేడీసీతో పనిలేదు. కేడీసీని అడగవలసింది క్లయింట్. అందుకే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ను కేడీసీ కోసం ఆపి ఉంచే స్క్రిప్టులు అవసరం లేదు.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వలయం. హోమ్ డైరెక్టరీలు ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉన్నాయి కదా అని ఎవరో ఎస్‌ఎస్‌ఎస్‌డీకి ఆఫ్టర్=రిమోట్-ఎఫ్‌ఎస్.టార్గెట్ రాస్తారు. మరొకరు నోఫెయిల్, ఆటోమౌంట్ లేని మౌంట్‌కు ఎక్స్-సిస్టమ్‌డీ.రిక్వైర్స్=ఎస్‌ఎస్‌ఎస్‌డీ.సర్వీస్ రాస్తారు. ఇప్పుడు మౌంట్ ఎస్‌ఎస్‌ఎస్‌డీ కోసం, ఎస్‌ఎస్‌ఎస్‌డీ రిమోట్-ఎఫ్‌ఎస్ కోసం, రిమోట్-ఎఫ్‌ఎస్ మౌంట్ కోసం ఆగుతాయి. సిస్టమ్‌డీ అలాగే ఆగిపోదు, వలయంలోని ఒక పనిని తీసేసి ముందుకు వెళుతుంది. జర్నల్‌లో “ఆర్డరింగ్ సైకిల్” అన్న మాటలు వెతకండి. అవి ఒక్కసారి కనిపించినా, మీరు రాసిన వరుస అమలు కావడం లేదని గ్రహించి, మొదట వలయం విప్పండి.

ప్యాకేజీ ఇచ్చిన యూనిట్ ఫైల్‌ను యూఎస్‌ఆర్/లిబ్ కింద నేరుగా మార్చడం మరో తప్పు. తర్వాతి అప్‌డేట్‌తో మీ మార్పు మాయమవుతుంది. నెట్‌వర్క్ టార్గెట్‌నూ నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌నూ ఒకటే అనుకోవడం కూడా తరచూ చూస్తాను. మొదటిది నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ లేచిందని మాత్రమే చెబుతుంది, ఐపీ చిరునామా వచ్చిందని హామీ ఇవ్వదు.

ఇక ఫైల్‌లో 0 పడిపోయిన సర్వర్ విషయం. ఎన్‌ఎఫ్‌ఎస్‌ను ఆపి, ఆత్_ఆర్‌పీసీజీఎస్‌ఎస్ మాడ్యూల్‌ను తీసేసి మళ్లీ లోడ్ చేస్తే నిర్ణయం చెరిగిపోతుంది. కానీ దాన్ని ఇతర మాడ్యూళ్లు పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆచరణలో రీబూట్ చేయడమే త్వరగా అవుతుంది. జీఎస్‌ఎస్‌ప్రాక్సీని పదిసార్లు రీస్టార్ట్ చేసి సమయం పోగొట్టుకోవద్దు.

ఫలితం సరిచూడటం

మొదట కాగితం మీది వరుస: “సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై”తో యూనిట్‌లో రాత తప్పులు, “సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్ --ఆఫ్టర్”తో ఎవరి వెనక ఎవరున్నారో చూడండి.

తర్వాత అసలు పరీక్ష. మూడు యంత్రాలనూ పూర్తిగా ఆపండి. యూపీఎస్ వెనక మీట నుంచి సరఫరా తీసి, అన్నిటికీ ఒకేసారి ఇవ్వండి. క్లయింట్లను కూడా చేత్తో వెంటనే ఆన్ చేయండి, ఎందుకంటే మనం పరీక్షించదలచింది చెడ్డ రోజును. అన్నీ లేచాక సింహాచలంలో ఫైల్ 1 చూపాలి. మోనోటోనిక్ జర్నల్‌లో మాడ్యూల్, జీఎస్‌ఎస్‌ప్రాక్సీ, ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ ఇదే వరుసలో కనిపించాలి. యారాడలో మామూలు యూజర్‌గా లాగిన్ అయి, “క్లిస్ట్”తో టికెట్ చూసి, హోమ్‌లో ఒక ఫైల్ సృష్టించి, “ఎల్ఎస్ -ఎల్”లో అది ఆ యూజర్ పేరు మీదే ఉందో లేదో చూడండి. రూట్‌గా చూసి సరిపెట్టుకోకండి, రూట్‌కు యంత్రం టికెట్‌తో పని జరిగిపోతుంది.

ఇదే పరీక్షను మరో రెండుసార్లు చేయండి: ఒకసారి కైలాసగిరిని 5 నిమిషాలు ఆలస్యంగా లేపి, ఇంకోసారి సింహాచలాన్ని ఆలస్యంగా లేపి. రెండు సందర్భాల్లోనూ మీరు ఏ ఆదేశం ఇవ్వకుండానే, ఆలస్యమైన యంత్రం లేచిన కాసేపటికి యారాడలో హోమ్ తెరుచుకోవాలి.

అయినా కుదరకపోతే

క్లయింట్ వైపు ఈటీసీలోని ఎన్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్‌లో జీఎస్‌ఎస్‌డీ విభాగం కింద “వెర్బాసిటీ=3” పెట్టి ఒకసారి రీబూట్ చేయండి. ఆ తర్వాత ఎవరిని సాయం అడిగినా నాలుగు విషయాలు వెంట ఇవ్వండి: విఫలమైన బూట్‌లో ప్రాక్ ఫైల్ చూపిన అంకె, రెండు వైపులా మోనోటోనిక్ జర్నల్, “క్లిస్ట్ -కె -ఈ” ఫలితం, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఆ ఒక్క వరుస. కీట్యాబ్ ఫైల్‌ను మాత్రం ఎవరికీ పంపకండి. అందులో ఉన్నవి పేర్లు మాత్రమే కాదు, కీలు కూడా.